ఖాళీ అయిన చోటు

"ఖాళీ లేదు మాస్టారూ," అన్నాడు లెఫ్టినెంట్ బీమన్. "పాత విద్యార్థుల దళం నిన్ననే నిండిపోయింది. ఒకడు తగ్గితే తప్ప ఇంకొకణ్ణి తీసుకోలేను."

అంబ్రోస్ సగ్డెన్ బల్ల ముందు నుంచి కదల్లేదు. బీమన్‌కి ఒకప్పుడు లెక్కలు నేర్పింది ఆయనే. వెనకాల ఆయన కొడుకు రోలండ్ టోపీని చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. తండ్రి కంటే జానెడు పొడుగు.

ధాన్యం మార్కెట్ హాలంతా కుర్రాళ్ళ గోల. సైన్యంలో కలిసి చేరండి, యుద్ధంలోనూ కలిసే ఉంచుతాం అని మేయరు గోడల మీద అంటించిన మాట నగరాన్ని ఊపేసింది. బ్యాంకు గుమాస్తాలు ఒక దళం, ట్రాముల వాళ్ళు ఒక దళం, బడి పాత విద్యార్థులు ఒక దళం. తుపాకులింకా రాలేదు. చీపురు కర్రలు భుజాన వేసుకుని ఫుట్‌బాల్ మైదానంలో కవాతు చేస్తున్నారు.

ఇక్కడ చోటు దొరక్కపోతే మర్నాడే రైలెక్కి ఏదో ఒక రెజిమెంటులో చేరిపోతానని రోలండ్ ఇంట్లో తెగేసి చెప్పాడు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ మధ్య పడిపోతే వాడికి గుక్కెడు నీళ్ళు పోసేదెవరు? ఈ దళంలో అందరూ సగ్డెన్ దగ్గర చదివినవాళ్ళే, ఆఖరికి ఆఫీసరుతో సహా. కొడుకు పక్కన తెలిసినవాళ్ళుండాలి. ఆయనకి కావలసింది అంతే.

వరసలో క్లెమ్ ఓల్డ్‌రాయిడ్ కనిపించాడు. ఇళ్ళల్లో బట్టలుతికే వితంతువు కొడుకు. దళం పట్టీ అప్పుడే చేతికి కట్టేసుకున్నాడు.

"క్రిస్మస్‌కల్లా జర్మనీ కైజర్ మీసం కత్తిరించుకొస్తా," అంటున్నాడు పక్కవాడితో. "మా అమ్మకి బట్టలు రుద్దే బ్రష్షు చేయించాలి."

సగ్డెన్ బల్ల మీదికి వంగాడు.

"చేరడానికి కావలసిన పంతొమ్మిదేళ్ళు ఓల్డ్‌రాయిడ్‌కి లేవు," అన్నాడు బీమన్‌కి మాత్రమే వినపడేలా. "పదిహేడు కూడా నిండలేదు. వాణ్ణి బళ్ళో చేర్చుకున్నది నేనే."

క్లెమ్‌ని పిలిచారు. తనకి పంతొమ్మిదేనని, బైబిల్ మీద ఒట్టు పెట్టమన్నా పెడతానని అన్నాడు. బీమన్ ఒకసారి మాస్టారి మొహం చూసి, పట్టీ విప్పెయ్యమన్నాడు. పాలు తాగి పెద్దయ్యాక రమ్మని వెనక నుంచి ఎవరో అంటే హాలంతా నవ్వింది. క్లెమ్ సగ్డెన్ వైపు చూశాడు. తర్వాత రోలండ్ వైపు చూశాడు. ఏదో అనబోయి, మానుకుని, పట్టీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

బీమన్ ఆ పట్టీ రోలండ్‌కిచ్చాడు. "మీరు వెంటబెట్టుకొచ్చాక ఇంక అడగడానికేముంది మాస్టారూ."

ఇంటికి వెళ్ళాక భార్య హన్నా చాలాసేపు ఏడ్చింది. ఎలా తీసుకున్నారని అడిగింది.

"ఒక చోటు ఖాళీ అయింది," అన్నాడు సగ్డెన్. "ఎవరూ ఏమీ అడగలేదు."

రెండేళ్ళ తర్వాత, జులైలో ఒక పొద్దున, నగర బెటాలియన్ ఫ్రాన్స్‌లో కందకం దాటి ముళ్ళకంచె దాకా నడిచింది. కలిసి చేరినవాళ్ళని మాట తప్పకుండా కలిసే ఉంచారు. పాత విద్యార్థుల దళంలో పేరు పిలిస్తే పలికేవాళ్ళు ఇంచుమించు లేరు. ఆ వారం వీధిలో చావు కబురు అందిన ఒక్కో ఇంటి కిటికీకీ తెరలు దిగాయి. సగ్డెన్ ఇంటికి కూడా.

ఆదివారం క్లెమ్ తల్లి మిసెస్ ఓల్డ్‌రాయిడ్ వచ్చింది. గుడ్డ కప్పిన పళ్ళెంలో ఓట్స్ రొట్టెలు తెచ్చింది. హన్నా కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఇలాంటప్పుడు రాకూడదేమో మాస్టారుగారూ. రాకుండా ఉండలేకపోయాను."

రెండేళ్ళుగా మాస్టారి పేరు వింటే క్లెమ్ ఉమ్మేసేవాడని చెప్పింది. ఉక్కు కార్ఖానాలో వాణ్ణి పాలబుగ్గలని ఏడిపించారట. తనూ మాస్టారిని తిట్టుకుందట.

"ఇప్పుడు పనిలోంచి రాగానే గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. తిండి ముట్టడు, నాతో మాట్లాడడు. పోనీండి. ఇంట్లో ఉన్నాడు." ఆమె శాలువా అంచుతో ముక్కు తుడుచుకుంది. "ఆ రోజు మీరు ఆఫీసరుకి వాడి వయసు చెప్పబట్టి ఉన్నాడు. పరాయి బిడ్డని సొంత బిడ్డలా చూశారు."

సగ్డెన్ లేచి నిలబడ్డాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నంత పని చేసి, వెళ్ళిపోయింది.

హన్నా పళ్ళెం బల్ల మీద పెట్టింది. దాని మీది గుడ్డ సరిచేసింది. సరిగానే ఉన్నా మళ్ళీ సరిచేసింది.

"ఖాళీ అయిందన్న చోటు క్లెమ్‌దా?"

ఆయన తలూపాడు.

"వాడి వయసు మీరే చెప్పారా?"

"చెప్పాను."

హన్నా గుడ్డ మీద నుంచి చెయ్యి తీసింది.

"మన రోలండ్ క్లెమ్ కంటే మూడు వారాలు చిన్నవాడండీ," అంది.