బొట్టు పెట్టిన పెట్టెలు

“ఏవండీ, ఆ పెట్టెలు మనవి,” అంది శశికళ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

వేణుమాధవ్ అటు చూశాడు. కార్తీక వనభోజనాలకి వచ్చినవాళ్ళంతా, కుండీలో తెచ్చిపెట్టిన ఉసిరి మొక్క చుట్టూ చేరి దీపాలు వెలిగిస్తున్నారు. వాళ్ళకి దూరంగా, భోజనాలకి పిలిచిన స్నేహితుడు రాధాకృష్ణ స్థలానికి ఆ చివర కంచె పక్కన, తెల్లటి తేనెటీగల పెట్టెలు వరసగా ఉన్నాయి. ప్రతి పెట్టెకీ ముందువైపు గుండ్రంగా పసుపు, దాని మధ్య కుంకుమ బొట్టు.

దసరా నాడు కారుకీ, గడ్డి కోసే మిషన్‌కీ బొట్టు పెట్టిన చేత్తోనే శశికళ తమ స్థలంలో ఉన్న తేనెటీగల పెట్టెలకీ పెట్టింది. అవీ మనకోసం కష్టపడేవే కదా అంది. వానకి పోకుండా నూనెలో కలిపి మరీ పెట్టింది. టెక్సాస్‌లో తేనెటీగలకి బొట్టు పెట్టే ఇల్లాలు ఇంకొకతె ఉంటుందా?

ఆ పెట్టెలు ఇక్కడున్నాయంటే తమ స్థలం ఖాళీగా ఉన్నట్టే. ఫ్రిస్కోకి ఉత్తరాన తమకున్న ఆరెకరాల్లో తేనెటీగల్ని పెంచుతున్నామని చూపించబట్టే, వ్యవసాయ భూమి కింద పన్ను తగ్గించారు. పెట్టెలు లేవని కౌంటీ వాళ్ళు కనిపెడితే ఆ తగ్గింపు పోతుంది. వెనకటి ఏళ్ళ పన్ను కూడా కట్టమంటారు. ఇక స్థలం అమ్ముకోవడమే. పెట్టెలు అద్దెకిచ్చి ఈగల్ని చూసుకునేది వేడ్ అనే అమెరికన్ పెద్దాయన. ఆయన్ని రాధాకృష్ణకి పరిచయం చేసింది కూడా వేణుమాధవే.

వేణుమాధవ్ మెల్లగా రాధాకృష్ణ దగ్గరికి వెళ్ళి, ఈగలు ఎలా ఉన్నాయని మాట కదిపాడు.

“ఏమో గురూ, నేను ఆ ఛాయలకే పోను. ఈగల్ని వేడ్ చూసుకుంటాడు, నేను టాక్స్ బిల్లు చూసుకుంటాను,” అని నవ్వాడు రాధాకృష్ణ, పులిహోర గిన్నె మోసుకెళ్తూ.

ఆ నవ్వు వెనక ఇంకేదో ఉన్నట్టు తోచింది వేణుమాధవ్‌కి. పోయిన శనివారం గుళ్ళో పక్కపక్కన కూర్చుని అర్చన చేయించుకున్నప్పుడు కూడా రాధాకృష్ణ అలాగే నవ్వాడు. అప్పుడేమీ తోచలేదు.

“ఆ బొట్టు సంగతేమిటని అడిగితే పోయేది కదా,” అంది శశికళ.

“అడిగితే ఇతనూ, వేడూ ఇద్దరూ జాగ్రత్తపడతారు. మన పెట్టెలున్నాయో లేవో చూసొద్దాం పద.”

“విస్తళ్ళు వేస్తున్నారండీ. కార్తీక మాసం పూట విస్తరి ముందు నుంచి లేచిపోతామా?”

“మోసం చేసినవాడి చేత్తో వడ్డించుకుని తింటామా?”

ఆఫీసు నుంచి అర్జెంటుగా ఫోనొచ్చిందని అబద్ధం చెప్పి బయల్దేరారు. కారు రోడ్డెక్కిందో లేదో వేణుమాధవ్ కౌంటీ పన్నుల ఆఫీసుకి ఫోన్ కలిపాడు. శశికళ గాభరా పడింది. మన పెట్టెలు చూశాక చెయ్యొచ్చు కదా అంది.

“నీకు తెలీదు. ముందు మనం చెప్తే మనం మోసపోయినవాళ్ళం. ముందు వాళ్ళు చూస్తే మనమే దొంగలం.”

ఆదివారం కాబట్టి అవతల మెషీన్ పలికింది. వేణుమాధవ్ తడుముకోకుండా చెప్పాడు. వేడ్ అనే ఆయన ఒకే పెట్టెల్ని ఒకరి స్థలంలోంచి ఇంకొకరి స్థలంలోకి తిప్పుతూ అందరికీ పన్ను తగ్గింపు ఇప్పిస్తున్నాడని, ఆ పెట్టెల మీద పసుపు రంగు, మధ్యలో ఎర్ర చుక్క ఉంటాయని, ఆ గుర్తున్న పెట్టె ఎవరి స్థలంలో కనిపించినా అది దొంగలెక్క కిందే చూడాలని చెప్పాడు. తన పేరూ ఫోన్ నంబరూ కూడా ఇచ్చాడు. ఫోన్ పెట్టేశాక ఊపిరి తేలిగ్గా ఆడింది.

శశికళ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

తమ స్థలం గేటు ముందు వేడ్ పాత పికప్ ట్రక్కు ఆగి ఉంది. దొరికాడన్నాడు వేణుమాధవ్. గబగబా గేటు తీసుకుని లోపలికి నడిచాడు. నాలుగు అడుగులు వేసి ఆగిపోయాడు.

పెట్టెలు పెట్టినచోటే ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు. శశికళ చేతి బొట్లు కాస్త వెలిసి, అలాగే ఉన్నాయి. ఎండ పొడకి ఈగలు బద్ధకంగా వస్తూ పోతూ ఉన్నాయి.

వేడ్ ఆ చివరి పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బూట్లు విప్పి పక్కన పెట్టాడు, దసరా నాడు శశికళ చెప్పులు విప్పడం చూశాడు కాబోలు. ఆయన ముందు కాగితం ప్లేటు ఉంది. అందులో పసుపు ముద్ద, కుంకుమ. ఉంగరం వేలితో, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, వెలిసిన బొట్టు మీద జాగ్రత్తగా కొత్త బొట్టు దిద్దుతున్నాడు.

శశికళే ముందుకి వెళ్ళి, రాధాకృష్ణ గారి పెట్టెల మీద కూడా ఈ బొట్లున్నాయి, ఎవరు పెట్టారని అడిగింది.

వేడ్ తలెత్తి, టోపీ తీసి, తప్పు చేసి దొరికిన పిల్లాడిలా నవ్వాడు.

“మీరిది రాసినప్పటి నుంచీ మీ పెట్టెల దరికి ఒక్క చీమ రాలేదు మేడమ్. ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి నేనూ కొనుక్కొచ్చి, ఈ కౌంటీలో నా పెట్టెలు ఎవరి స్థలాల్లో ఉన్నాయో అన్నిటికీ పెట్టేశాను.”