వంతెన మీద అరువు ఏడుపు

ఇల్లు కదలని వాళ్ల తరఫున ఊళ్లు చూసిపెట్టడం సుభాషిణి ఉద్యోగం. ఆమె చెయ్యి తాకినదీ, మనసులో కదిలినదీ ఆమె చెవిలోని పరికరం ద్వారా ఎక్కడో మంచం మీదున్న ఖాతాదారుకి అలాగే అందుతాయి. అందుకే పనిలో ఉండగా సొంత బాధలు తలుచుకోకూడదు.

ఆ రోజు ఖాతాదారు రాజుగారు ఏటి మీది పాత రాతి వంతెన చూస్తానన్నారు. దాని కమాను కిందే ఆమె తమ్ముడు మునిగిపోయాడు. పిట్టగోడ మీద చెయ్యి వెయ్యగానే వాడి మొహం కళ్లముందు నిలిచింది. ఆమె భోరుమంది.

"క్షమించండి సార్, పొరపాటైంది," అంది కంగారుగా.

"పొరపాటేంటమ్మా!" చెవిలో ఆయన తృప్తిగా నిట్టూర్చాడు. "మా ఆవిడ పోయినప్పుడు కూడా నాకింత ఏడుపు రాలేదు. ప్రాణం తేలికపడింది. మళ్లీ ఒక్కసారి, తల్లీ!"

ఉద్యోగం నిలిచిందన్న ఊరటతో ఆమె మళ్లీ పిట్టగోడ మీద చెయ్యి వేసి కిందికి వంగింది. తమ్ముణ్ణి తలుచుకుంది. నీళ్లూ, నాచు పట్టిన రాళ్లూ తప్ప వాడి మొహం కనిపించలేదు.

"ఇందాకటంత లేదే," అన్నాడాయన ఆవలిస్తూ. "పోనీ, ఓ టీ తాగమ్మా. నాకూ తాగాలనుంది."

టీ అయ్యింది, ఆయన తన వైపు ఆపేసి వెళ్లిపోయాడు. ఆమె చెవిలోని పరికరం తీసేసి, వంతెన మీదికి తిరిగొచ్చి, ఈసారి తన కోసమే తమ్ముణ్ణి పేరుపెట్టి పిలిచింది. పిలిచినప్పుడల్లా వాడి మొహానికి బదులు, ఖాళీ చెవిలో రాజుగారి తృప్తి నిట్టూర్పే వినబడింది.