వెనక్కి నడక

కోడెగిత్తకి మోట లాగడం అదే మొదటిరోజు. నీళ్ల బొక్కెనని పైకి లాగుతూ ముందుకి హుషారుగా నడిచింది. బొక్కెన మళ్లీ బావిలోకి దిగాలంటే వెనక్కి నడవాలి. అక్కడ మొండికేసింది.

"తాతా, వెనక బావి ఉంది. నాకు కనబడదు."

"నాకూ కనబడదురా," అంది జోడీ ముసలెద్దు. "మోట తోలే ఇర్మియయ్యకి కనబడుతుంది. ఆయన ఆగమన్నచోట ఆగుతాను. పదేళ్లుగా ఒక్క కాలూ జారలేదు, ఆయన చల్లగుండాలి."

కోడె వణుకుతూనే వెనక్కి అడుగేసింది. ఆగమనగానే ఆగింది. పొద్దు వాలేసరికి మడి నిండింది, గట్టున గడ్డి తడిసింది.

ఇర్మియా ఆ తడిలోనే మోకరించాడు. "ప్రభువా, రేపేముందో నాకు కనబడదు. నీకు కనబడుతుంది. అది చాలు, స్తోత్రం."

గడ్డి నములుతున్న కోడె తలెత్తింది.

"తాతా, ఇర్మియయ్య కూడా మనలాగే వెనక్కి నడుస్తున్నాడు."