నడిచే మోటారు లెక్క

కరెంటు పోయి అరగంటయింది.

నీళ్ళని చక్రాలతో చిలికి గాలి కలిపే ఎనిమిది ఏరియేటర్లూ ఒక్కసారే ఆగిపోయాయి. పైన మూడు రోజులుగా వదలని మబ్బు. కింద రొయ్యల చెరువు కదలకుండా పడి ఉంది.

నాగబాబు జనరేటర్‌కి వైర్లు బిగిస్తున్నాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు. సబ్‌స్టేషన్‌లో ఎవరూ ఎత్తడం లేదు.

"రొయ్య తేలుతోందయ్యా. గట్టు వారకి వచ్చేస్తోంది" అంది భార్య నాగలక్ష్మి.

"నాకు కళ్ళు లేవా?" అని కసిరాడు.

నీళ్ళలో గాలి తగ్గితే రొయ్య పైకొస్తుంది. వచ్చాక గంట బతికితే గొప్ప. పట్టుబడికి ఇంకా పది రోజులుంది. పోయినేడు రెండు పంటలూ తెగులుకే పోయాయి. ఇదీ పోతే చెరువు ఖాళీ చెయ్యమంటాడు కౌలుకిచ్చిన ఆసామి. అందుకే నాగబాబు ఆటోనగర్ దాకా వెళ్ళి జనరేటర్ తెచ్చుకున్నాడు. నిన్న సాయంత్రమే దింపారు, ఇంకా ఒక్కసారీ వాడలేదు.

"బాబూ, ఒక్క మాటండి."

గేటు అవతల ఎవరో నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. లుంగీ పైకి కట్టాడు. పిక్కల దాకా బురద.

నాగబాబుకి ముందు ఆ బురదే కనపడింది. బంటుమిల్లి వైపు చెరువుల మీదకి పరాయి పాదం రానివ్వరు. తెగులు బురద కాళ్ళతోనే నడిచొస్తుందని అందరి భయం.

"అక్కడే ఆగు! ఏ చెరువు మీంచి వస్తున్నావు?"

"డ్రెయిన్ అవతలదండి. మా చెరువులో..."

"అయితే గేటు ముట్టుకోకు!"

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చూపు మాత్రం స్విచ్ బోర్డు మీదే ఉంది.

"స్టార్టర్లకి పుల్లలు అలాగే ఉన్నాయి బాబూ."

ఉంటాయి మరి. కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియని చోట, రాగానే మోటార్లు వాటంతటవే లేవాలని పచ్చ బొత్తాల్లో పుల్లలు దూర్చి ఉంచడం అక్కడి అలవాటు.

"ఆ పుల్లలు తీసేసి ఒక్కొక్కటే వెయ్యండి. అన్నీ ఒకేసారి లేస్తే జనరేటర్ మొయ్యలేదు."

నాగబాబుకి ఒళ్ళు మండింది. విజయవాడలో నాలుగేళ్ళు బీటెక్ వెలగబెట్టిన వాడికి, లుంగీ మనిషి కరెంటు పాఠం చెప్పడమా?

"హార్స్ పవర్ అంటే ఎంతో తెలుసా నీకు? ఏడొందల నలభై ఆరు వాట్లు. ఒక్కో మోటారు రెండు హార్స్ పవర్. ఎనిమిదింటికీ కలిపి పన్నెండు కిలోవాట్లు లేదు. జనరేటర్ పదిహేను. ఇంకా మూడు మిగులు!"

"లెక్క తప్పనడం లేదండి. అది నడిచే మోటారు లెక్క. లేచేటప్పుడు దానికి నాలుగైదింతలు కావాలి. దిగబడ్డ బండిని కదిలించడానికి ఎడ్లు ఎంత గుంజాలి? కదిలాక ఎంత గుంజాలి?"

"ఎడ్ల కాలం పోయిందిలే!"

"పోనీ, ఆయన చెప్పినట్టు చేసి చూడరాదూ?" అంది నాగలక్ష్మి మెల్లగా.

"నువ్వూరుకో!"

"లేదంటే నాది..." అన్నాడాయన.

"నీదేమీ నాకొద్దు! ఊళ్ళో సలహాలకేం కొదవ లేదు. వెళ్ళవయ్యా ముందు!"

ఆయన చెరువు వంక ఒకసారి చూశాడు. వెనక్కి తిరిగి డ్రెయిన్ కాలువ వంతెన వైపు వెళ్ళిపోయాడు.

నాగబాబు జనరేటర్ స్టార్ట్ చేసి మెయిన్ వేశాడు.

ఎనిమిది మోటార్లూ కలిసి మూలిగాయి. చక్రాలు అర చుట్టు తిరిగాయి. ఇంజను నల్లగా పొగ కక్కి ఆగిపోయింది.

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. నాగబాబు పుల్లలు తియ్యలేదు. మళ్ళీ స్టార్ట్ చేశాడు. మళ్ళీ మెయిన్ వేశాడు.

ఈసారి కాలిన వాసన వచ్చింది. ఇంజను తిరుగుతోంది గానీ కరెంటు రావడం లేదు. పావుగంట సేపు వైర్లు విప్పి బిగించినా లాభం లేకపోయింది.

"అయిపోయింది" అని గట్టు మీద కూలబడ్డాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని వాళ్ళమ్మ ఊరికే అనలేదనుకున్నాడు. సిగ్గేసింది. ఏడుపొచ్చింది.

అప్పుడు వినిపించింది, మూడు గట్ల అవతల నుంచి జనరేటర్ మోత. పోలరాజు చెరువులో ఏరియేటర్లు తెల్లగా నురగ లేపుతున్నాయి.

నాగబాబు పరుగెత్తాడు.

"బాబాయ్, నీకు జనరేటర్ ఎక్కడిది?"

"నాదెక్కడిదిరా! డ్రెయిన్ అవతల బాలశౌరి గారిది. ట్రాక్టర్ మీద తెచ్చి, దగ్గరుండి తగిలించి ఇప్పుడే వెళ్ళాడు."

"ఒక్క గంట నాకివ్వు బాబాయ్. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఇప్పుడాపితే నా రొయ్య పోదురా?" అన్నాడు పోలరాజు. ఇవ్వలేక ముఖం తిప్పుకున్నాడు.

"లుంగీ కట్టుకుని, కాళ్ళ నిండా బురదతో... ఆయనేనా?"

"ఆయనే."

"మరి ఆయన చెరువుకి అక్కర్లేదా ఇది?"

పోలరాజు డ్రెయిన్ వైపు చూశాడు.

"నిన్న రాత్రి వాళ్ళ వైపు కరెంటు పోతే, ఆయన కూడా మోటార్లన్నీ ఒకేసారి వేశాట్టరా. మెకానిక్ వచ్చి జనరేటర్ బాగుచేసేసరికి తెల్లారిపోయింది. చెరువులో ఒక్క రొయ్య మిగల్లేదు. చచ్చిన రొయ్య ఏరుతున్నవాడు ఇవాళ మళ్ళీ కరెంటు పోవడం చూసి, మనవన్నా బతకాలని జనరేటర్‌ని ట్రాక్టర్‌కెత్తి, వంతెన దగ్గర ఆపి, ముందు నీ గేటు దగ్గరికే వచ్చాడు."