ఎవరి చెయ్యీ పడని ఫోటో

“అందరూ కొంచెం పక్కకు జరగండి. ఆంటీ ఒక్కరే కావాలి,” అన్నాడు అంద్రెయ.

ఎవరూ జరగలేదు. ఫరీదాబాద్‌లోని ఆ బాంక్వెట్ హాల్లో పెళ్ళికూతురి తల్లి చుట్టూ పొద్దున్నుంచీ జనమే. ఒకరి చెయ్యి ఆవిడ భుజం మీద, ఇంకొకరి పాప ఒళ్ళో. చివరికి సువార్తే లేచింది. కూతురు ఫెయిత్ భోజనానికి వెళ్ళిన సమయం చూసి, అతన్ని మెట్ల పక్కనున్న కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది.

“ఇక్కడ తియ్యి బాబూ. ఎవరి చెయ్యీ పడకూడదు నా మీద.”

“ఫెయిత్‌ని కూడా పిలవనా ఆంటీ? తల్లీకూతుళ్ళు కలిసి ఒకటి...”

“వద్దు. దానికి అసలు చెప్పకు. ఎందుకు తీయించుకున్నానో తెలిస్తే పెళ్ళిపీట మీదే ఏడుస్తుంది.”

అంద్రెయ కెమెరా దించాడు. ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నాడు. ఇలా చాటుగా పిలిచి ఒంటరి ఫోటో అడిగిన పెద్దవాళ్ళు అతనికి కొత్త కాదు. అదెందుకో వాళ్ళూ చెప్పరు, అతనూ అడగడు. కానీ సువార్తకు యాభై ఏడేళ్ళే. భర్త పోయాక పన్నెండేళ్ళుగా నర్సు ఉద్యోగం చేస్తూ కూతుర్ని ఒక్కతే పెంచింది. అందుకే ఈసారి ఉండబట్టలేక అడిగాడు.

“డాక్టర్లు ఏమైనా అన్నారా ఆంటీ?”

ఆవిడ నవ్వింది. “ఇలాంటివి డాక్టర్లు చెప్తారా? మనకే తెలుస్తుంది. దీని పెళ్ళి అయ్యేదాకా ఆగాలనుకున్నాను, ఆగాను. ఇంక ఆ ఇంట్లో ఎక్కువ రోజులు ఉండన్లే.”

అంద్రెయ దించిన కెమెరాని మళ్ళీ కంటికెత్తాడు.

నాలుగేళ్ళ క్రితం నరసాపురంలో అతని తల్లి చనిపోయింది. శవపెట్టె మీద పెట్టడానికి ఫోటో కోసం వెతికితే, కొడుకు తీసిన వేల ఫోటోల్లో ఆమె ఒక్కతే ఉన్నది ఒక్కటీ దొరకలేదు. చెల్లెలి పెళ్ళి ఆల్బంలోంచి కత్తిరించి పెద్దది చేశాడు. ఎంత కత్తిరించినా, తల్లి భుజం మీద ఎవరిదో గాజుల చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత అతను సమాధి కార్యక్రమాలకు కెమెరా పట్టుకెళ్ళడం మానేశాడు.

“గడ్డం కొంచెం ఎత్తండి ఆంటీ. చాలు.”

“చెవుల పక్కన తెల్లవెంట్రుకలు కనిపిస్తున్నాయా?”

“కనిపిస్తేనే బాగుంది.”

“అయితే ఉండనీ. చూసినవాళ్ళకి ఉన్నదున్నట్టు నేనే అనిపించాలి.”

పదకొండు ఫోటోలు తీశాడు. అందులో ఒకటి చూడగానే, ఇదే అని ఇద్దరికీ తెలిసిపోయింది.

“చిన్న ప్రింటొకటి నా చేతికియ్యి. ఫోన్‌కి పంపకు, అది చూసేస్తుంది,” అంది సువార్త. “పెద్దది కావలసిన రోజున ఫెయితే అడుగుతుంది నిన్ను.”

ఫెయిత్ ఏడు నెలల తర్వాత ఒక గురువారం ఫోన్ చేసింది. పెళ్ళయ్యాక గురుగ్రామ్‌లో ఉంటోంది. గొంతు బొంగురుపోయి ఉంది.

“అంకుల్, నా పెళ్ళిలో అమ్మది ఒక ఫోటో తీశారంట కదా. ఒక్కతే ఉన్నది. అది పెద్దది చేసి ఫ్రేం కట్టించి ఇస్తారా, ప్లీజ్?”

అంద్రెయ కుర్చీలో కూర్చున్నాడు. “ఎప్పుడమ్మా?” అన్నాడు.

“శనివారం పదింటికి. మన చర్చిలోనే. మావయ్యలు ఊరినుంచి బయల్దేరారు. అంతా ఎంత తొందరగా అయిపోయిందంటే... మాకే ఇంకా నమ్మకం కుదరట్లేదంకుల్.”

“కింద ఏమైనా రాయించాలా?”

“పేరొక్కటి చాలు. మీరు కెమెరా కూడా తెచ్చుకోవాలి. వేరే ఎవరూ వద్దని అమ్మ మరీ మరీ చెప్పింది.”

ఇలాంటివాటికి రానని నాలుగేళ్ళుగా అందరికీ చెప్తున్న మాట ఆ పిల్లకు చెప్పలేకపోయాడు. “వస్తానమ్మా,” అన్నాడు.

భార్య అనుగ్రహ వంటింట్లోంచి వచ్చింది. “ఏమైందో అడక్కపోయారా?”

“ఏమని అడగను? ఆవిడ నాకు ముందే చెప్పింది.”

ఆ రాత్రి రంగులు దిద్దడానికి కూర్చుని, దిద్దకుండానే లేచాడు. తెల్లవెంట్రుకలు, కళ్ళ కింద ముడతలు, అన్నీ అలాగే ఉంచాడు. సువార్త ఆ ఫోటోలో చిన్నగా, ధైర్యంగా నవ్వుతోంది. తన తల్లికి చేయలేనిది ఈవిడకు చేశాననుకున్నాడు. అలా అనుకున్నా మనసు తేలికపడలేదు.

శనివారం తొమ్మిదిన్నరకు తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళ్ళాడు. గేటు పక్కన తెల్లపూలు కడుతున్నారు. ఫెయిత్ భర్త ఉదయ్‌కిరణ్ కుర్చీలు మోస్తూ తల మాత్రం ఊపాడు. లోపల ఎవరో మెల్లగా పాట అందుకున్నారు.

ఫెయిత్ ఎదురొచ్చింది. తెల్లచీర కట్టుకుంది. ఫ్రేం మీది కాగితం విప్పి చూసేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“అమ్మ ఇంత అందంగా ఉంటుందని నేనెప్పుడూ గమనించనేలేదంకుల్.”

అతను ఆమె తల మీద చెయ్యి వేశాడు.

“ఒకసారి లోపలికెళ్ళి ఆంటీని చూడొచ్చా అమ్మా?”

“ఇప్పుడే వద్దంకుల్, ఇంకా చీర కడుతున్నారు.”

“సరే. ఫోటోలు ఎప్పుడు మొదలుపెట్టమంటావు?”

ఫెయిత్ కళ్ళు తుడుచుకుని గేటు వైపు చూసింది.

“మీరిచ్చిన ఆ చిన్న ఫోటో చూసే అమ్మని అడిగారంట. ఆ పెళ్ళికొడుకుని రానివ్వండి, ఇద్దర్నీ కలిపి తీద్దురుగాని.”