చుక్కల అడ్డా

ఈ రాత్రి కూడా వచ్చారు.

నిన్న ఏడు బైకులు. ఇవాళ తొమ్మిది. కాలవ కల్వర్టు పక్కన చలిమంట వేసుకున్నారు. స్పీకర్లో పాట మోగుతోంది. పంచాయతీ వాళ్ళు పాతిన ఆకుపచ్చ బోర్డుకి ఒకడు బండి ఆనించాడు.

వాసంతి మోటారు షెడ్డు చాటున నిలబడి చూస్తోంది. ఆరో నెల కడుపు. నడుం లాగేస్తోంది. పక్కన అత్త సుశీల. వెనక మరో ఏడుగురు ఆడవాళ్ళు.

ఇదంతా హర్ష చేసిన పని. నరసరావుపేట కుర్రాడు. ఎవరికీ తెలియని రాత్రి అడ్డాలు వెతికి రీల్స్ పెడతాడు. రైల్వే గేటు పక్కన అర్ధరాత్రి ఇడ్లీ బండి అయింది. మెకానిక్ షెడ్డు వెనక క్యారమ్స్ బల్ల అయింది. ఇప్పుడు ఈ రోడ్డు దొరికింది. ‘ఒక్క లైటు కూడా లేని రోడ్డు. పేటలో కనపడని చుక్కలన్నీ ఇక్కడే!’ అన్నాడు. రెండు లక్షల మంది చూశారు.

అప్పట్నుంచి పదకొండు రాత్రులు. పొద్దుగూకితే దిగుతారు. ఒంటిగంట దాకా కదలరు.

సర్పంచికి చెబితే పళ్ళికిలించాడు. “ఊరికి పేరొస్తోందమ్మా, ఓర్చుకోండి. రోడ్డుకి లైట్లు కూడా వేయిస్తా.”

లైట్లనగానే ఆడవాళ్ళ గుండెలు గుభేలుమన్నాయి.

“ఇంటికి పోదాం పదండి,” అంది వెనక నుంచి ఒకామె.

“పోయేదేంది?” సుశీల పళ్ళు కొరికింది. “ఊరంతా గోడలూ కంచెలే. మనకి మిగిలింది ఈ చీకటొక్కటే. మా అత్త కాలం నుంచీ మనది. వీళ్ళ తాత జాగీరా?”

సుశీల సాయంత్రం నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఒళ్ళంతా మంటగా ఉంది.

ఏనాడూ గొంతెత్తని వాసంతి కొంగు బిగించుకుని నడిచింది. నేరుగా మంట దగ్గరికే.

“ఇక్కణ్ణుంచి పొండి.”

హర్ష ఫోను ఎత్తాడు. “అక్కా, లైవ్‌లో ఉన్నాం. తాగట్లా, గొడవ చెయ్యట్లా. చుక్కలు చూసుకుంటున్నాం. మీ కల్లంలో మిరపకాయలేమన్నా ఎత్తుకుపోయామా? ఎందుకు పొమ్మంటున్నారో ఒక్క కారణం చెప్పండి, ఇప్పుడే పోతాం.”

వాసంతి నోరు తెరిచింది. ఫోను లైటు కళ్ళలో పడింది. చుట్టూ పద్దెనిమిది మంది మగపిల్లలు. నోరు మూసుకుంది.

“చూశారా ఫ్రెండ్స్? కారణం లేదు. పల్లెటూళ్ళో ఇంతే. సంస్కృతి!”

ఎవడో ఈల వేశాడు.

వాసంతి కొంగు ముడి విప్పింది. కల్లంలో ఏరి పారేసిన తాలు మిరపకాయలు, రెండు దోసిళ్ళు. మంటలో కుమ్మరించింది.

చుక్కలు చూస్తున్న కళ్ళు ఒక్కటీ తెరుచుకోలేదు. దగ్గులు. తుమ్ములు. బూతులు. లైవ్ ఆగిపోయింది. తొమ్మిది బైకులూ పేట దారి పట్టాయి.

“ఒరేయ్, రేపు కూడా రండిరా! బస్తా తెస్తా!” సుశీల దగ్గుతూనే మంట మీదికి మట్టి తోసి ఆర్పేసి అరిచింది.

చివరి బైకు లైటు వెలుగులో ఆకుపచ్చ బోర్డు మీది ‘బహిరంగ మలవిసర్జన లేని గ్రామం’ అన్న అక్షరాలు ఒక్కసారి మెరిసి ఆరిపోగానే, తొమ్మిది మంది ఆడవాళ్ళూ షెడ్డు గోడ వార పెట్టుకున్న నీళ్ళ చెంబులు అందుకుని ఆ బోర్డు వెనక్కి నడిచారు.