చుట్టానికిచ్చిన అర్ర

"ఆపుండ్రి! ఏమండీ, ఆపుండ్రి!"

చపాతీ పిండి అంటిన చేతులతోనే హారిక వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. వంటింట్లోంచే ఆమెకు తెర కనబడింది. అభిలాష్ ముందున్న లాప్‌టాప్ తెర నిండా ఇంగ్లిషులో ఒకటే ప్రశ్న. డిస్క్ మీద ఉన్నదంతా చెరిపేసి లినక్స్ ఎక్కించమంటారా అని.

"మన పెండ్లి ఫోటోలు, వీడియో అన్నీ అండ్లనే ఉన్నయి! స్టూడియో అన్న తన దగ్గరున్నయి తీసేసిండు గదా. ఇగ ఏడ వెతికినా ఒక్కటి దొరకది!"

"ఉన్నయి. ఏడికి పోతయి?" అభిలాష్ నవ్వాడు.

"నవ్వకుండ్రి! రేపు ఎల్లారెడ్డికి పోంగనే భూదవ్వకు చూపిస్తనని మాటిచ్చిన. బరాత్‌ల తను ఎట్ల ఆడిందో చూసుకుంటదంట. పొద్దటి సంది మూడుసార్లు ఫోన్ చేయించింది."

భూదవ్వ హారిక నాయనమ్మ. యాభై ఏళ్లుగా బీడీలు చుడుతున్న మనిషి, మనవరాలి బరాత్‌లో కొంగు నడుముకు చుట్టి మరీ ఆడింది. ఆ ముసలామె నవ్వగా తీసిన ఫోటో అంతకుముందు ఒక్కటీ లేదు.

"ఇటు చూడు" అంటూ అభిలాష్ రెండు మీటలు కలిపి నొక్కాడు. తెరంతా ఆక్రమించిన ప్రశ్న చిన్న కిటికీలోకి ముడుచుకుపోయింది. దాని వెనకాల వాళ్ల పెళ్లి ఫోటో. జుట్టు నిండా తలంబ్రాలతో ఇద్దరూ పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నారు.

"అమ్మయ్య!" హారిక మంచం మీద కూలబడింది. "పాణం పోయి వచ్చింది."

"దీన్ని వర్చువల్ మెషీన్ అంటరు. కంప్యూటర్ల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్. దాన్ల ఎక్కించే లినక్స్‌ను గెస్ట్ అంటరు. అంటే చుట్టం. లాప్‌టాప్ మన ఇల్లనుకో, మొత్తం మూడొందల ఇరవై జీబీ. చుట్టానికి అండ్ల ఎనిమిది జీబీల అర్ర ఒకటిచ్చిన. తుడిచినా కడిగినా ఆ అర్రనే. మన ఇంట్ల అడుగు పెట్టది."

"మరి లాప్‌టాప్‌ల పెట్టిన ఆ సీడీ ఏంది?"

"చుట్టం సామాను. డ్రైవులనే ఉంటది, కావాల్సింది తీసుకుంటడు."

హారికకు భయం పోయి సరదా పుట్టింది. "అంటే ఎల్లారెడ్డిల మీ లెక్కనే. మా వాళ్లు ఒక్క అర్ర ఇచ్చిండ్రు, మీరు బయటికే రాకపోతిరి!"

"నువ్వు రానిస్తే గదా!"

ఆమె పిండి వేలితో అతని ముక్కు మీద చుక్క పెట్టింది. అతను తుడుచుకోలేదు.

ఈ విద్య అతను కాలేజీలో రాజయ్య సారు దగ్గర మూడు రోజుల కిందటే నేర్చుకున్నాడు. సోమవారం కామారెడ్డిలో తను పాఠం చెప్పే క్లాసు పిల్లలకు తనే చూపించాలి. అంతకుముందు భార్యకు చూపించి మెప్పు పొందాలని ఉబలాటం. ఆ చిన్న కిటికీని మళ్లీ తెరంత పెద్దది చేశాడు.

"పొయ్యి చాయ్ తీస్కరా. ఇద్దరం కలిసి నొక్కుదం."

హారిక చాయ్ పెట్టిందో లేదో, ఫ్యాను ఆగిపోయింది. సాయంత్రం నాలుగు, కరెంటు కోత వేళ. బ్యాటరీ ఎప్పుడో పాడైన లాప్‌టాప్ కూడా టక్కున ఆరిపోయింది.

"అయ్యో, మీ చుట్టం చెప్పకుండనే పోయిండు!" వంటింట్లోంచి అరిచింది.

"కరెంటొస్తే మళ్ల వస్తడు తియ్!"

ఆ రోజు కరెంటు వాళ్ల మీద దయ చూపింది. చాయ్ రెండు పొంగులు పొంగేలోపే వచ్చేసింది. హారిక గ్లాసులు పట్టుకొచ్చేసరికి తెర నిండా మళ్లీ అదే ప్రశ్న.

"మళ్ల మొదటి సంది చేసిండ్రా?"

"నేనేం చెయ్యలే. బటన్ నొక్కి కూసున్న, సీడీ గిర్రున తిరిగింది, అంతే. తనంతట తనే ఈడికొచ్చి నిలబడ్డడు. ఎంత హుషారు చుట్టమో చూడు!"

ఆమె చేతిని మౌస్ మీద పెట్టి, దాని మీద తన చెయ్యి పెట్టాడు. ఇంకా వెలిసిపోని గోరింటాకు అతని వేళ్ల సందుల్లోంచి ఎర్రగా కనిపించింది.

"నొక్కు."

హారిక కళ్లు మూసుకుని నొక్కింది. ఇంకో డబ్బా తెరుచుకుంది. అందులో ఏవో పేర్లు, అంకెలు. ఆమె కూడబలుక్కుంటూ చదవబోయింది.

"పరీక్ష పేపరా ఏంది, అంతగనం చదువుతున్నవ్?" అంటూ అతను ఆమె వేలి మీదుగానే మళ్లీ నొక్కేశాడు.

నీలం గీత ఒకటి మొదలై నెమ్మదిగా పాకసాగింది. హారిక చప్పట్లు కొట్టింది. "మొత్తం తుడిచేసిన! నాకు భయమే కాలే!"

"శభాష్! సోమవారం నా బదులు నువ్వే పో క్లాసుకు."

"ముందుగాల మన ఫోటో చూపెట్టుండ్రి. తర్వాత భూదవ్వ వీడియో కూడా. మంచి మంచియి ఇప్పుడే ఏరి పెట్టుకుంట."

అభిలాష్ రెండు మీటలు కలిపి నొక్కాడు. తెర ముడుచుకోలేదు. మళ్లీ నొక్కాడు.

"కొత్త చుట్టం గదా, సిగ్గుపడుతున్నడు" అన్నాడు. మూడోసారి గట్టిగా నొక్కాడు. తెర కదల్లేదు. నీలం గీత సగం దాటింది.

హారిక చాయ్ ఒక గుక్క తాగి, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది.

"ఏమండీ, చుట్టం అర్ర ఎనిమిదే అంటిరి గదా. మరి ఇందాక మనం నొక్కిన డబ్బాల మూడొందల ఇరవై అని ఎందుకుండె?"